మీటరు మాట, ట్యాంకు మాట

ఇల్లు,
మార్చి 3

అమ్మడూ,

పొద్దున మబ్బు, పది దాటాక ఎండ. పెరటి కుళాయి కారుతుంటే వాషరు మార్చాను. ఇప్పుడు కారడం లేదు.

నీ ఉత్తరం అందింది. కాగితం మీద రాయమన్నందుకు విసుక్కోకు. నువ్వు ఫోనులో చెప్పేదాంట్లో సగం మీ అమ్మ వింటుంది, ఆమె నా చెవి దగ్గర అరిచేదాంట్లో సగం నేను వింటాను. మైలేజీ లెక్క పావు వంతు చేరితే ఎవరికీ పనికిరాదు. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్న చెవులు ఇంతకన్నా ఏం చేస్తాయి.

నీ కొత్త లారీలో స్టీరింగు వెనక తెర ఉందనీ, లీటరుకు నాలుగు పాయింట్ ఒకటి కిలోమీటర్లని అది చూపిస్తోందనీ, డిపోలో అందరూ దాన్నే నమ్ముతున్నారనీ రాశావు. వాళ్ళను నమ్మనీ. నువ్వు నమ్మకు. బండి అమ్మేవాడు పెట్టిన తెర బండిని మెచ్చుకోక ఇంకేం చేస్తుంది?

లెక్క కట్టే పద్ధతి మళ్ళీ చెబుతాను. లోడింగుకు ముందు ట్యాంకు గొంతు దాకా నింపించు. పైపు టక్కున ఆగగానే బంకువాడు చాలంటాడు. వినకు. నురగ దిగేదాకా ఆగి మళ్ళీ పోయించు. మూత అంచున డీజిలు మెరవాలి. అప్పుడు కిలోమీటర్ల అంకె రాసుకో. తిరిగి వచ్చాక మళ్ళీ అదే అంచు దాకా పోయించు. నడిచిన కిలోమీటర్లను ఈసారి పట్టిన లీటర్లతో భాగించు. వచ్చేదే నిజం. మిగతాదంతా దీపాల అలంకారం.

మీ అమ్మ జాగ్రత్తగా తినమంది. ఇది ఆమె రోజూ చెప్పేదే అయినా రాస్తున్నాను.

నాన్న


డిపో, డ్రైవర్ల గది,
మార్చి 9

నాన్నా,

ఇక్కడ బల్ల మీద నలుగురు కారమ్స్ ఆడుతున్నారు. నేను ఒక మూల కూర్చుని రాస్తుంటే "ప్రేమలేఖా?" అని అడిగారు. "కాదు, మైలేజీ లెక్క" అన్నాను. ఎవరూ నమ్మలేదు.

నీ పద్ధతి ప్రకారమే చేశాను. గొంతు దాకా పోయించడం నువ్వు ముందే నేర్పిందే, జనవరిలో ఈ బండి చేతికొచ్చినప్పటి నుంచీ అలాగే పోయిస్తున్నాను, ఈసారి అంకెలు కూడా రాసుకున్నాను. ఈ బండికి ట్యాంకులు రెండు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. కింద ఒక పైపు రెంటినీ కలుపుతుంది. రెండూ గొంతు దాకా పోయించాను. బంకాయన ఎప్పటిలాగే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇంకా పోయాలా? స్నానానికా ఏంటి?" అన్నాడు. మెరిసేదాకా పోయించాను. పాత యార్డులో లోడ్ ఎక్కించుకుని వెళ్ళి తిరిగి వచ్చాను. 812 కిలోమీటర్లు నడిచింది. 221 లీటర్లు పట్టింది. అంటే మూడు పాయింట్ ఆరు ఏడు. తెర మాత్రం నాలుగు పాయింట్ ఒకటి దగ్గరే కూర్చుంది, సిగ్గులేకుండా.

ఇప్పటిదాకా నీకు రాయని సంగతి ఒకటుంది. నేను సరదాకు అడగలేదు. మా మేనేజరుగారు ప్రతి బండికీ తెర లెక్క, బంకు బిల్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. నా బండి తెర ప్రకారం తాగాల్సింది 198. బిల్లు 221. మిగతా ఇరవై మూడు లీటర్లు ఏమయ్యాయని అడిగారు. జనవరి నుంచీ ఇదే. "అమ్మాయ్, నాకు నీ మీద కోపం లేదు. కాగితం మీద డీజిలు లేదు, అంతే" అన్నారు. అంటే అమ్ముకుంటున్నానని.

ఏప్రిల్ నెలాఖరుకు నాకు ఆరు నెలలు నిండుతాయి. ఆ రోజు బండి నాకు ఖాయం చేస్తారు, లేదా తాళాలు తీసుకుంటారు. దొంగ అన్న పేరుతో ఇక్కడ దిగితే ఇంకో కంపెనీ మెట్టు కూడా ఎక్కలేను. అమ్మకు చెప్పకు. నీకు మాత్రం చెబుతున్నాను, ఎందుకంటే తప్పు తెరదేనని నీ పద్ధతి తేల్చేసింది. ఇక ఏం చేయాలి?

నీ అమ్మడు


ఇల్లు,
మార్చి 13

అమ్మడూ,

గాలి ఎక్కువ. వంటింటి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే కొక్కెం బిగించాను.

నా కూతురు డీజిలు అమ్ముకుందా? ఆ మాట చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. మళ్ళీ తీసి అంకెలే చదివాను. అంకెలు చాలు.

చేయాల్సింది చిన్న పని. మేనేజరు దగ్గరికి వెళ్ళి నిలబడి చెప్పు: "నా లెక్క సరైనది. మీ తెర తప్పు. పరీక్ష పెట్టించండి." నసగకు. బతిమాలకు. ఆయన కుర్చీలో ఉంటాడు, నువ్వు నిలబడి ఉంటావు, అయినా ఆ గదిలో లెక్క తెలిసినది నువ్వే. మీటర్లు చూసే మనిషి ఎవరో ఒకరు వాళ్ళ దగ్గర ఉంటాడు, పిలిపించమను. తెర తప్పని వాళ్ళ మనిషి నోటితోనే వస్తుంది.

నేను నడిపిన బండికి తెర లేదు. ముల్లు కూడా సగం రోజులు పనిచేసేది కాదు. అయినా ఏ దారిలో ఎంత తాగుతుందో నోటితో చెప్పేవాణ్ణి, ఎప్పుడూ తప్పలేదు. గొంతు దాకా పోయి, భాగించు. ఇందులో తప్పడానికి చోటేది?

ధైర్యంగా వెళ్ళు. ఈ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

అమ్మకు చెప్పలేదు. కానీ నా మొహం చూసి ఏదో ఉందని పట్టేసింది. రెండు రోజులుగా నా చుట్టూ తిరుగుతోంది. కుక్కిన పేనులా కూర్చున్నాను.

నాన్న


డిపో,
మార్చి 22

నాన్నా,

నువ్వు రాసినట్టే నిలబడి చెప్పాను. నసగలేదు. మేనేజరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పరీక్ష నువ్వే అడుగుతున్నావు, గుర్తుంచుకో" అన్నారు. గుర్తుంచుకున్నాను.

మీటర్ల మేస్త్రీ వచ్చాడు. మంచివాడే, బండిని చూస్తే ముందు పలకరించి తర్వాత మూత తీసే రకం. ట్యాంకు పైపు విప్పేసి, గీతలు కొట్టిన కొలత డబ్బా ఒకటి క్యాబిను వెనక కట్టి, ఇంజనుకు దాంట్లోంచే డీజిలు పట్టించాడు. నా పక్కన కూర్చుని ఊరి చుట్టూ బైపాసు మీద తిప్పించాడు. తెర నాలుగు పాయింట్ ఒకటి చూపించింది. డబ్బా లెక్క సరిగ్గా నాలుగు. వందకు రెండున్నర తేడా, అంతే నాన్నా. "కొంచెం గొప్పలు చెప్పుకుంటుంది, అన్ని తెరలూ అంతే. దొంగలెక్క మాత్రం కాదమ్మా" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ తెర ట్యాంకు వైపు చూడనే చూడదట. ఇంజను నోట్లో పడేదాన్నే లెక్కపెడుతుందట.

మేనేజరుగారు అంతా విని మెల్లిగా అన్నారు: "అంటే ఇంజను తాగలేదు. మరి ఎవరు తాగారు?"

అడిగి మరీ ఉరితాడు మెడకు తగిలించుకున్నట్టయింది. ఇంతకుముందు తెర తప్పేమో అన్న అనుమానమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పైగా ఆయన ఇంకోటి కూడా అడిగారు. అదే మోడలు బండ్లు ఇంకా ఉన్నాయి. ఎవరికీ లేని తేడా నాకే ఎందుకు?

ఇక ఈ నెల నా ట్రిప్పులు చూడు. పాత యార్డులో లోడ్ చేసినప్పుడల్లా మూడు పాయింట్ ఆరు, ఏడు. కొత్త గోదాములో లోడ్ చేసినప్పుడు నాలుగు. బండి అదే, దారి అదే, బరువు కూడా దాదాపు అదే. నింపడం ప్రతిసారీ నీ పద్ధతే. నాకు తల తిరిగిపోతోంది.

నీ అమ్మడు


ఇల్లు,
మార్చి 26

అమ్మడూ,

ఎండ. నీళ్ళ తొట్టి కడిగి నాచు గీకాను.

నీ ట్రిప్పుల లెక్క చదివాక సంగతి పట్టపగల్లా తేలిపోయింది. తెర మీద నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధమాడే మీటరు రోజూ ఒకేలా ఆడుతుంది. ఈ చోట ఎక్కువ, ఆ చోట తక్కువ అని దానికి తెలియదు. చోటును బట్టి తేడా వస్తోందంటే అక్కడ ఒక చెయ్యి ఉన్నట్టు.

పాత యార్డులో బండి ఎంతసేపు నిలబడుతుంది? పొద్దున పెడితే సాయంత్రం దాకా అని నువ్వే ఒకసారి రాశావు. అంతసేపూ నువ్వెక్కడుంటావు? రసీదుల కిటికీ దగ్గర వరుసలో. బండి దగ్గర ఎవరుంటారు? నువ్వు రాస్తుంటావే, ఆ గేటు దగ్గరి ముసలాయన. మిగతా డ్రైవర్లు ట్యాంకు నింపీ నింపక తెస్తారు. నీది నిండుకుండ. తీసేవాడికి నిండు ట్యాంకే కదా సులువు, పైపు పెడితే చాలు. నీకే తేడా ఎందుకో దానికి జవాబు ఇదే.

వెళ్ళి మేనేజరుకు ఆయన పేరు చెప్పు. నెలాఖరు దాకా ఆగకు. జాలి పడే సమయం కాదు. ఆయన నీకు ఫ్లాస్కులో టీ నింపి పెడతాడని రాశావు గుర్తుందా? మంచితనానికి కారణం ఇప్పుడు తెలిసింది.

నాన్న


పాత యార్డు, వెయిటింగు షెడ్డు,
మార్చి 31

నాన్నా,

చెప్పను.

నువ్వు ఎప్పుడూ చూడని మనిషి గురించి ఇంత రూఢిగా ఎలా రాశావు? నేను చెబుతాను, విను. మొదటిసారి ఈ యార్డులోకి బండి వెనక్కి పెడుతున్నప్పుడు రెండుసార్లు గేటు తప్పాను. వెనక పది మంది హారన్లు. గేటు తాత వచ్చి అద్దం ఎదురుగా నిలబడి, "నెమ్మదిగా రా తల్లీ, గేటు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. హారను కొట్టినవాళ్ళ వైపు తిరిగి, "మీరంతా పుట్టగానే రివర్సు పెట్టారా?" అని ఒక్క కేక వేశాడు. హారన్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి డ్రైవరమ్మా అని పిలుస్తాడు. పాత రంగు డబ్బాల్లో మొక్కలు పెంచుతాడు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆ కాలితో బండి కింద వంగి ఇరవై లీటర్లు తోడి ఎక్కడికి మోసుకెళతాడు నాన్నా? జేబులోనా?

ఆయన తీయలేదని కూడా నేను రాయలేను, ఎందుకంటే నాకు తెలియదు. తెలియనప్పుడు పేరు చెప్పకూడదు. నా మీద అలాగే కదా చెబుతున్నారు. దొంగ అనిపించుకోవడం ఎలా ఉంటుందో జనవరి నుంచి చూస్తున్నాను. ఇంకొకరి నెత్తిన అది పెట్టి నేను బయటపడలేను.

వచ్చే ట్రిప్పుకు రసీదు వరుసలో నిలబడను. ఇంకో డ్రైవరన్నను నిలబెట్టి, బండి ఎదురుగా కూర్చుంటాను. ఎవరొస్తారో నా కళ్ళతో చూస్తాను.

అంతవరకు నువ్వు కూడా ఏమీ చేయకు. మాటివ్వు.

అమ్మడు


ఇల్లు,
ఏప్రిల్ 4

అమ్మాయీ,

చిరుజల్లు. గొడుగు కడ్డీ సరిచేశాను.

నీ ఉత్తరం చదివాను. కోపంగా రాశావు. సరే. నీ ఇష్టం.

ఇక్కడ విశేషాలు ఏమీ లేవు. ఎదురింటివాళ్ళు గోడకు సున్నం వేయిస్తున్నారు.

నాన్న

(అమ్మ రాస్తున్నాను. మీ నాన్న కాగితం మడుస్తుంటే లాక్కున్నాను. నాకు అంతా తెలిసిపోయింది, దాచినందుకు మీ ఇద్దరి సంగతీ తర్వాత చూస్తాను. మీ నాన్న మొన్న పోస్టాఫీసుకెళ్ళి కవర్లు రెండు కొన్నాడు. ఒకటి నీకు. రెండోది ఎవరికని నేను అరిచి అడిగినా వినపడనట్టు కూర్చున్నాడు. ఆయనకు నిజంగా వినపడనప్పుడు మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు. వేళకు తిను.)


డిపో,
ఏప్రిల్ 11

నాన్నా,

రెండో కవరు ఎక్కడికి వెళ్ళిందో అమ్మకు చెప్పు. మా మేనేజరుగారి బల్ల మీదికి.

రాసిందెవరో ఆయన చెప్పలేదు, కాగితాన్ని చేత్తో కప్పి పెట్టారు. కానీ వేళ్ళ సందుల్లోంచి అక్షరాలు కనిపించాయి. సైను బోర్డులు చూసి రాత నేర్చుకున్న మనిషి ఒక్కడే కదా అంత పెద్ద గుండ్రటి అక్షరాలు రాసేది. కింద సంతకం కూడా పెట్టావు. నువ్వు దొంగచాటుగా రాసేవాడివి కావని సంతోషించాలా? తాతను ఆ రోజే గేటు పని నుంచి ఆపేశారు. అందరి ముందూ ఆయన సంచి విప్పి చూపించమన్నారట. నేను వెళ్ళేసరికి గేటుకు గొలుసు, తాళం. రంగు డబ్బాల్లో మొక్కలు వాడిపోయి ఉన్నాయి.

నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఉత్తరం రాయకూడదనుకున్నాను. తర్వాత జరిగింది రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

బంకులో ఎప్పటిలాగే గొంతు దాకా పోయించి, యార్డులోకి తెచ్చి, చెప్పినట్టే చేశాను. ఒక చెక్కపెట్టె బోర్లించి ఎడమ ట్యాంకు ఎదురుగా కూర్చున్నాను. తాత లేడు. లోడర్లు నన్ను లోపలికి రానిచ్చి గేటుకు మళ్ళీ తాళం వేశారు. లోడర్లు తప్ప మనిషి లేడు. ఎండ ఎక్కుతోంది. నా బండి తప్ప చూడ్డానికి ఇంకేమీ లేదు, కాబట్టి బండినే చూస్తూ కూర్చున్నాను. అలా చూస్తుంటే మొదటిసారి ఒకటి గమనించాను. నా బండి ఎడమకు ఒరిగి నిలబడి ఉంది. ఆ నేల వాన నీళ్ళు పోవడానికి ఒక పక్కకు వాలుగా కట్టారు నాన్నా. వాలు చివర ఇనుప జల్లెడ వేసిన కాలువ. ఎడమ ట్యాంకు సరిగ్గా ఆ జల్లెడ మీద. కొత్త గోదాములో నేల చదును.

ఇంకాసేపటికి ట్యాంకు మూత కింద తడి గీత కనిపించింది. చెమటలా ఉంది. తర్వాత అది దారమైంది. దారం జారి జారి జల్లెడలోకి, చప్పుడు లేకుండా, మరక కూడా లేకుండా. ఎవరి చెయ్యీ లేదు. కుడి ట్యాంకులో డీజిలు కింది పైపు గుండా పల్లానికి, అంటే ఎడమ ట్యాంకులోకి వస్తోంది. అక్కడ పట్టడానికి వేలెడు ఖాళీ కూడా ఉంచలేదు కదా మనం. పైగా ఎండకు వేడెక్కి పొంగుతోంది. మూత గాలి రంధ్రంలోంచి వెళ్ళిపోతోంది.

బకెట్టు తెచ్చి కింద పెట్టి మేనేజరుగారికి కబురు చేశాను. ఆయన వచ్చేసరికి బకెట్టు సగం పైన నిండింది. ఆయన వేలు ముంచి వాసన చూశారు. బండి వెనక్కి వెళ్ళి వాలు చూశారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఇదేనా?"

"ఇదే సార్."

"మరి మిగతా బండ్లు కారవేం?"

"వాళ్ళు పైపు ఆగగానే ఆపేస్తారు సార్. నేనే మూత అంచున మెరిసేదాకా పోయిస్తాను."

"అలా ఎవరు పోయమన్నారు?"

"మా నాన్న."

ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది. "అంటే దొంగ దొరికినట్టేనా?" అన్నారు. "దొరికాడు సార్, మా ఇంట్లోనే ఉన్నాడు" అన్నాను. లోడర్లు గట్టిగా నవ్వేశారు. నేనూ నవ్వాను, తర్వాత వెనక్కి తిరిగి కాస్త ఏడ్చాను.

నా సంగతి తేలిపోయింది. ఇకపై పైపు ఆగిన చోటే ఆపాలి, ట్యాంకులో నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలని బోర్డు రాయించారు. నెలాఖరు దాకా ఆగకుండానే బండి నాకు ఖాయం చేస్తూ కాగితం ఇచ్చారు. ఇది అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

తాత సంగతి తేలలేదు. మేనేజరుగారు రమ్మని మనిషిని పంపారు. తాత రానన్నాడు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అన్నాడు: "డ్రైవరమ్మా, నీ తప్పేం లేదు. కానీ దొంగ అన్న మాట గేటు దగ్గర నలుగురూ విన్నారు. కాదన్న మాట కూడా అక్కడే వినపడాలి. అన్నవాళ్ళ నోటితోనే. అప్పటిదాకా ఆ గేటు నేను తీయలేను."

చెవులు పోయినప్పటి నుంచి నువ్వు నలుగురిలోకి వెళ్ళడం మానేశావని నాకు తెలుసు. పెళ్ళిళ్ళకే వెళ్ళవు. ఎవరైనా ఎదురుపడితే సందు మార్చేస్తావు. అయినా అడుగుతున్నాను. ఈ శనివారం ఖాళీ బండితో మన ఊరి బైపాసు మీదుగా వస్తాను, మేనేజరుగారి అనుమతి అడిగాను. రోడ్డు మీద ఆపి ఇంటికి వస్తాను. వస్తావా? నువ్వు మాట్లాడితే ఎలాగూ కేకే కదా, నలుగురికీ వినపడడానికి మైకు కూడా అక్కర్లేదు.

రానంటే నేనే చెబుతాను. కానీ అది ఆయన అడిగింది కాదు.

నీ అమ్మడు


ఇల్లు,
ఏప్రిల్ 17, శనివారం

అమ్మడూ,

ఎండ, గాలి లేదు. నువ్వు వచ్చేలోపు ఇది రాసి చేతికే ఇస్తాను. నోటితో చెబితే మధ్యలో మీ అమ్మ అందుకుంటుంది.

నీ ఉత్తరం చేరిన రోజు నమ్మలేదు. అందుకే చేసి చూశాను. పెరట్లో రెండు నూనె డబ్బాలకు అడుగున రంధ్రాలు చేసి, రబ్బరు గొట్టంతో కలిపి, నీళ్ళు అంచు దాకా పోశాను. ఒక డబ్బా కింద పలక ముక్క పెట్టాను. రెండో డబ్బా లోంచి నీళ్ళు పొర్లి మీ అమ్మ పాదాల మీద పడ్డాయి. ఆమె అన్నది సగమే వినపడింది, అదే చాలింది.

నా పాత బండికి ట్యాంకు ఒకటే. ఎటు ఒరిగినా దాని డీజిలు దానిలోనే ఉండేది. నా లెక్క అక్కడ తప్పలేదు, తప్పదు. నీ బండికి అది సరిపడదని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రెండు ట్యాంకులని నువ్వు లెక్క పంపిన మొదటి ఉత్తరంలోనే రాశావు. చదివాను, ముందుకెళ్ళిపోయాను.

ఇక నుంచి ఇలా చెయ్యి. ప్రతిసారీ ఒకే బంకు, చదునైన నేల, పైపు దానంతటది ఆగిన చోట ఆపు. ఒక్క ట్రిప్పు చూసి తేల్చకు, ఐదారు ట్రిప్పుల కిలోమీటర్లన్నీ కలిపి లీటర్లన్నిటితో భాగించు. నింపడంలో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయినా అందులో సర్దుకుపోతుంది. తెర చెప్పేదాంట్లో వందకు రెండున్నర తీసేసుకో. రెండూ దగ్గర దగ్గరగా వస్తే బండి బాగున్నట్టు. రాకపోతే ముందు నేల చూడు, తర్వాత మూత చూడు. మనుషుల్ని చివరన చూడు. ఈ ఆఖరి ముక్క నాకు నువ్వు నేర్పింది.

నేను వస్తున్నాను. అడగాల్సిన అవసరం కూడా లేదు, కానీ అడిగినందుకు బాగానే ఉంది. అక్కడ ఎంతమంది ఉంటారో, వాళ్ళు ఏమంటారో నాకు వినపడదు. అది ఒకందుకు మంచిదే. ఆయన మొహం మాత్రం కనిపిస్తుంది. ఆయన జవాబు చెబితే నువ్వు నా అరచేతి మీద రాసి చూపించు. ఏది అన్నా అన్నట్టే రాయి. మెత్తగా చేయకు.

చెప్పాల్సింది అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను. "పెద్దాయనా, మీ మీద రాసింది నేను. చూడకుండా రాశాను. డీజిలు ఎవరూ తీయలేదు, నేను పోయించిన పద్ధతి వల్ల పొర్లిపోయింది. మీ సంచి విప్పించిన చోటే ఈ మాట చెప్పడానికి వచ్చాను." ఇంతే. మీ అమ్మ ఇంకో వాక్యం కలపమంది. అక్కర్లేదన్నాను. కలపాల్సింది ఏదైనా ఉంటే అది ఆయన అనాలి.

ఒప్పుకుని ఆయన తాళం చేతికి తీసుకుంటే, ఆ గేటు నుంచి నువ్వు బండి వెనక్కి పెట్టడం ఒక్కసారి చూసి వస్తాను. ఒప్పుకోకపోతే వచ్చే శనివారం మళ్ళీ వస్తాను.

మీ అమ్మ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. వచ్చినట్టున్నావు. ఈ రోజు చేసిన పని రాయడం మరిచిపోయాను. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని—